ఇంటికి పచ్చని కంచె, దగ్గుకు చేతనున్న మందు – అడ్డసరం పెంపకం

గత వర్షాకాలం ఆరంభంలో ఒక సోదరి నా వద్దకు మోకాళ్ల నొప్పులకు మందు కోసం వచ్చి, వెళ్లబోతూ ఒక ప్రశ్న అడిగారు. వారు కొత్తగా ఇల్లు కట్టుకున్నారు. ప్రహరీ గోడ నడుమెత్తు మాత్రమే ఉన్నందున వీధిలో పోయేవారి చూపు తిన్నగా వసారాలోకి పడుతోందట. నర్సరీవారు పసుపు రంగు ఆకుల దురంతా పెట్టుకోమన్నారట. దాని కాయలు నోట పెట్టుకుంటే పిల్లలకు ప్రమాదమని ఎవరో చెప్పగా ఆమెకు మనసు ఒప్పలేదు. "ఏడాది పొడుగునా పచ్చగా ఉండాలి, మేకలు మేయకూడదు, ఇంటికి ఏదో ఒక విధంగా పనికిరావాలి. అటువంటి మొక్క ఉందాండీ?" అని ఆమె ప్రశ్న.

ఉందమ్మా అన్నాను. నా ఇంటికి తూర్పు వైపున గోడ లేదు, అడ్డసరం దడి ఉంది. దాని దగ్గరకు తీసుకువెళ్లి నాలుగు కొమ్మలు కోసి ఇచ్చాను. వాటిని ఎట్లా నాటాలో చెప్పేసరికి అరగంట పట్టింది. నా వెనుక వరుసలో కూర్చున్న రోగులు విసుక్కోకపోగా ఒక్కొక్కరే వచ్చి తమకూ కొమ్మలు కావాలన్నారు. ఇంతమందికి అవసరమైన విషయం కనుక దానిని ఇక్కడ వివరంగా వ్రాస్తున్నాను.

అడ్డసరాన్ని సంస్కృతంలో వాసా, వాసక, వృష, ఆటరూషక అంటారు. సింహాస్య అని కూడా ఒక పేరుంది. దాని తెల్లని పూవును పక్కనుంచి చూడండి. పై పెదవి వంగి, కింది పెదవి ఊదా చారలతో చాచి, నోరు తెరచిన సింహం వలె కనిపిస్తుంది. తమిళులు ఆడాతోడై అంటారు. 'ఆడు' అనగా మేక, మేక ముట్టనిది అని ఆ పేరుకు అర్థం చెబుతారు. లిన్నేయస్ పండితుడు 1753లో శాస్త్రీయ నామం పెట్టినపుడు ఈ దేశీయ నామాన్నే గ్రహించి జస్టిసియా అధతోడ అన్నాడు. పల్లెలలో దీనిని పొలం గట్లమీద, తోటల చుట్టూ దడిగా నాటడానికి కారణం ఆ పేరులోనే ఉంది. ఆకు చేదు, నలిపితే వచ్చే వాసన కూడా పశువులకు గిట్టదు. మేకలు తిరిగే వీధిలో మరే మొక్కకైనా ముందు ముళ్లకంపతో కాపు పెట్టాలి. దీనికి ఆ పని లేదు.

పోల్చుకొనడంలో పొరపాటు పడరాదు

నాటడం గురించి చెప్పేముందు పోలికలు చెప్పాలి. ఇందులో పొరపాటు జరిగితే ప్రాణం మీదికి వస్తుంది కనుక పాఠకులు ఈ భాగాన్ని తొందరగా చదివి దాటవేయరాదని ప్రార్థన.

అడ్డసరం ఆకులు కణుపుకు రెండేసి చొప్పున ఎదురెదురుగా ఉంటాయి. ఒక జత తూర్పు పడమరలుగా ఉంటే దాని పై జత ఉత్తర దక్షిణాలుగా ఉంటుంది. ఆకు నాలుగు నుంచి ఎనిమిది అంగుళాల పొడవు, మధ్యలో రెండు మూడు అంగుళాల వెడల్పు కలిగి, కొన వైపు సన్నగిల్లుతుంది. పైభాగం ముదురాకుపచ్చ, అడుగుభాగం కొంచెం పాలిపోయి ఉంటుంది. ఆకు మెత్తగా ఉంటుంది, తోలు వలె దళసరిగా ఉండదు. కాండం మీద కణుపులు ఉబ్బి ఉంటాయి. ఆకు తుంచితే పాలు రావు. శీతకాలంలో కొమ్మల చివర పచ్చని రేకుల వంటి చిన్న ఆకుల నడుమ తెల్లని పూల కంకులు వస్తాయి.

దీనికి భిన్నంగా, మన దడుల మీద తరచుగా కనిపించే గన్నేరు ఆకులు కణుపుకు మూడేసి ఉంటాయి. సన్నగా, గట్టిగా, నడి ఈనె ప్రస్ఫుటంగా ఉంటుంది. పచ్చగన్నేరు ఆకు ఇంకా సన్నం, తుంచిన చోట పాలు కారతాయి. ఈ రెండూ నిలువెల్లా విషం. గుండె లయను చెడగొట్టి చంపగల మొక్కలు.

ఈ పోలికలు ఇంత నొక్కి చెప్పడానికి కారణం ఉంది. చాలా ఏళ్ల క్రితం ఒక వృద్ధునికి కఫం పట్టి దగ్గు వస్తుంటే, "మీ దడిలో అడ్డసరం ఉంది కదా, ఆకు రసం తీసి తేనెతో ఇవ్వండి" అని చెప్పి పంపాను. వారి దడిలో అడ్డసరం ఉన్న మాట నిజమే. దానితోపాటు పచ్చగన్నేరు కూడా ఉంది. ఆకు కోసుకు రమ్మని పదేళ్ల మనుమణ్ణి పంపారు. వాడు చేతికందిన 'పొడుగాటి ఆకు' కోసుకువచ్చాడు. ఆ ఇంటి కోడలు ఆకులు కడుగుతూ తొడిమల వద్ద పాలు చూసి అనుమానించింది. నూరకుండా ఆకులను గుడ్డలో కట్టుకుని మిట్టమధ్యాహ్నపు ఎండలో నా వద్దకు వచ్చింది. విప్పి చూసి నాకు చెమటలు పట్టాయి. ఆనాటి నుంచి రోగికి ఆకు చూపించకుండా, చేతిలో పెట్టకుండా మందు చెప్పడం మానేశాను. మీకు నేను చెప్పేది కూడా అదే. అడ్డసరం దడి వేసేవారు ఆ దడిలో గన్నేరు జాతులు ఏవీ కలపవద్దు. మొదటి కొమ్మను మొక్క తెలిసినవారి చేతి నుంచే తీసుకోండి. పిల్లలను ఆకు కోసం పంపవద్దు.

కొమ్మ నాటే పద్ధతి

అడ్డసరానికి కాయలు, గింజలు ఉన్నాయి. కాయ ఎండి చిటిలి గింజలను దూరంగా విసురుతుంది. కానీ గింజతో పెంచితే ఆలస్యం. కొమ్మ ముక్క సులభంగా వేళ్లు పట్టే మొక్క కనుక అదే మార్గం.

ఆరుద్ర కార్తె మొదలు పుష్యమి కార్తె వరకు, అనగా జూన్ ఆఖరి నుంచి ఆగస్టు మొదటి రోజుల వరకు, వాన తేమ నేలలోనూ గాలిలోనూ ఉన్న కాలం ప్రశస్తం. నీటి వసతి, నీడ ఉన్నవారు ఫిబ్రవరిలో కూడా నాటవచ్చు. మే నెలలో ప్రయత్నించి మొక్కను నిందించకండి.

కొమ్మ ఎంపికలో తొందరపడరాదు. చివరి లేత ఆకుపచ్చ భాగం కుళ్లిపోతుంది. మొదట్లోని బూడిదరంగు ముదురు కర్ర ఆలస్యంగా చిగిరిస్తుంది. రెండింటి నడుమ, పెన్సిలు లావున, ఆకుపచ్చ వీడి గోధుమరంగుకు తిరుగుతున్న భాగం కావాలి. పూత పట్టిన కొమ్మ వద్దు. తప్పనిసరి అయితే పూల కంకిని గిల్లివేయండి. ముక్క ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు, మూడు నాలుగు కణుపులు ఉండేటట్లు పదునైన కత్తితో కోయవలెను. మొద్దు కత్తెరతో నొక్కి కోస్తే బెరడు నలిగి కుళ్లుతుంది. కింది కోత కణుపుకు సరిగ్గా కింద ఏటవాలుగానూ, పై కోత కణుపుకు అర అంగుళం పైన అడ్డంగానూ ఉండాలి.

ఏటవాలు, అడ్డం అన్న ఈ తేడా ఎందుకో నాకు పుస్తకం చెప్పలేదు, మా గురువుగారు చెప్పారు. చెప్పారు అనడం కంటే నేర్చుకోనిచ్చారు అనడం న్యాయం. నేను వారి ఇంట చేరిన తొలి వానాకాలంలో ఔషధవనానికి ఉత్తరాన అడ్డసరం దడి వేసే పని నాకు అప్పగించారు. యాభై ముక్కలు ఒకే పొడవున, రెండు చివరలూ ఒకేవిధంగా నున్నగా కోసి, ఏది పైనో ఏది కిందో చూడకుండా వరుసగా పాతాను. గురువుగారు వచ్చి చూసి, "వరుస బాగున్నదిరా" అని వెళ్లిపోయారు. నెల రోజులు నీళ్లు పోశాను. సగానికి పైగా ఎండిపోయాయి. అప్పుడు ఒక ఎండిన పుల్లను పెరికి నా చేతికిచ్చి, ఆకు రాలిన మచ్చ పైన ఉండవలసిన మొగ్గ ఎటు చూస్తోందో చూడమన్నారు. నేల వైపు చూస్తోంది. తలకిందులుగా నాటిన కొమ్మ అది. "నెల కిందటే చెప్పవచ్చు కదండీ" అని అనుకున్నాను గాని పైకి అనే ధైర్యం లేదు. కింద ఏటవాలుగా, పైన అడ్డంగా కోస్తే రాత్రి దీపం వెలుగులో నాటినా తల ఏదో తోక ఏదో చేతికే తెలుస్తుంది.

ముక్క కోసిన తరువాత కింది ఆకులన్నీ తీసివేయాలి. పై జత మాత్రం ఉంచి వాటిని కూడా సగానికి కత్తిరించాలి. వేరులేని పుల్ల అంత ఆకుకు నీరు అందించలేదు. ఎర్రమట్టి, ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు సమపాళ్లలో కలిపి, అడుగున రంధ్రాలున్న ప్లాస్టిక్ సంచులలో నింపి, రెండు కణుపులు మట్టిలో ఉండేటట్లు గుచ్చి, చుట్టూ వేలితో గట్టిగా అదమండి. మట్టికీ పుల్లకూ మధ్య గాలి చేరితే వేరు పట్టదు. పచ్చి పేడ ఎరువు వాడకూడదు. ఆ వేడికి పుల్ల మాడిపోతుంది, చెదలు కూడా చేరతాయి. బజారులో అమ్మే వేళ్ల పొడి మందులు ఈ మొక్కకు అనవసరం.

సంచులను చెట్టు నీడన ఉంచి మట్టి ఆరకుండా, ఊరకుండా తడపాలి. రెండు వారాలకు చిగురు కనిపించినంత మాత్రాన వేరు పట్టిందని సంతోషించకండి. కొమ్మలో నిలువ ఉన్న బలంతోనే అది చిగిరిస్తుంది. ఆ దశలో లాగి చూసేవారి చేతిలోనే చాలా మొక్కలు చస్తాయి. మూడు నాలుగు వారాలకు వేళ్లు వస్తాయి. రెండు నెలలకు నేలలో నాటదగిన మొక్క తయారవుతుంది. వర్షాలు స్థిరంగా ఉన్నచోట సంచులతో నిమిత్తం లేకుండా నేరుగా దడి స్థలంలోనే రెండేసి పుల్లలు గుచ్చేవారూ ఉన్నారు. పెద్ద దడికి అది చవక. పెరటిలో ఇదివరకే ఒక మొక్క ఉంటే దాని కింది కొమ్మను వంచి, ఒక కణుపు వద్ద బెరడును కొద్దిగా గీరి, మట్టి కప్పి, పైన రాయి పెట్టండి. ఈ నేల అంటు రెండు మూడు నెలలలో తల్లి నుంచి వేరు చేయడానికి సిద్ధమవుతుంది.

దడిగా మలచుకొనడం

అడుగు వెడల్పు, అడుగు లోతున కాలువ తీసి, తీసిన మట్టిలో మూడో వంతు పశువుల ఎరువు, నాలుగు గుప్పిళ్ల వేపపిండి కలిపి తిరిగి నింపండి. మొక్కకు మొక్కకు అడుగున్నర దూరం చాలు. నలభై అడుగుల దడికి ఇరవై ఎనిమిది మొక్కలు పడతాయి. పోయేవాటి కోసం మరో పది అదనంగా పెంచుకోండి. గోడ పక్కన అయితే కనీసం రెండడుగులు ఎడం ఉండాలి. లేకపోతే గోడ వైపు ఆకు రాలి వెనుక అంతా బోసిపోతుంది. నల్లరేగడిలో పెట్టేవారు కాలువ నింపేటప్పుడు గట్టు వలె ఎత్తుగా నింపండి. అడ్డసరం ఎండకు ఓర్చుకుంటుంది, కొంత నీడకు ఓర్చుకుంటుంది, వేళ్ల చుట్టూ నిలిచిన నీటికి మాత్రం ఓర్చుకోదు.

చాలామంది దడి పాడుచేసుకునేది మొదటి ఏడాదిలోనే. మొక్క మూడడుగులు ఎగబాకితే ముచ్చటపడి అలాగే వదిలేస్తారు. పైన గొడుగు, కింద కర్రలు మిగులుతాయి. కుక్కలు, కోళ్లు కింది నుంచే వస్తాయి. మొక్క అడుగున్నర పెరగగానే నిర్దాక్షిణ్యంగా ముప్పావు అడుగుకు కత్తిరించాలి. కోసిన చోటి కింది కణుపుల నుంచి రెండేసి కొమ్మలు వస్తాయి. అవి జానెడు పెరిగాక వాటి చివరలు మళ్లీ గిల్లాలి. ఇట్లా రెండు మూడుసార్లు చేస్తే నేల నుంచే గుబురు కడుతుంది. ఆ తరువాత ఎత్తు పెరగనివ్వవచ్చు. నాలుగు నుంచి ఐదు అడుగుల వద్ద ఆపితే అందం, వదిలేస్తే మనిషెత్తు దాటుతుంది. కత్తిరించేటపుడు అడుగు వెడల్పుగా, పైభాగం సన్నగా ఉంచండి. పైభాగం వెడల్పైతే దాని నీడకే కింది ఆకు చస్తుంది.

నిలదొక్కుకున్న దడికి ఏడాదికి మూడు కత్తిరింపులు సరిపోతాయి. పూత అయిపోయాక ఒకటి, వానలు పడ్డాక ఒకటి, దసరా వెళ్లాక ఒకటి. ఆఖరిది తేలికగా చేయండి, పూలు కొమ్మల చివరనే వస్తాయి కనుక. నేను మాత్రం ఈశాన్య మూలన నాలుగు మొక్కలను అసలు కత్తిరించను. శీతకాలపు ఉదయాన తేనెటీగలు ఆ మూలను వదలవు. కత్తిరించిన రొట్టను పారవేయకండి. ఇది పూర్వం నుంచి వరిమళ్లలో తొక్కే పచ్చిరొట్ట. పొలం లేనివారు కూరపాదుల మొదట్లో పరచుకోవచ్చు.

ఆకు వాడకం, అంతకంటే ముఖ్యంగా వాడకూడని చోట్లు

తిక్త కషాయ రసాలు, శీత వీర్యం, కఫ పిత్తహరం. చిక్కటి కఫాన్ని పలచబరచి వెలికి తెస్తుంది. కాస, శ్వాస, రక్తపిత్తాలలో పూర్వులు దీనికి పెద్దపీట వేశారు. వాసారిష్టం, వాసావలేహ్యం దీనితో చేసేవే. దీనిలోని వాసిసిన్ అనే చేదు పదార్థం ఆధారంగా రూపొందినదే ఇంగ్లీషు వైద్యులు కఫానికి వ్రాసే బ్రోమ్‌హెక్సిన్.

ఆకును పచ్చిగా నూరి పిండితే రసం రాదు. చాలామంది నీళ్లు కలిపి పిండుతారు, అది రసం కాదు. శార్ఙ్గధరుడు ఇందుకు పుటపాకం చెప్పాడు. నూరిన ముద్దను ఆకులలో చుట్టి, పైన మట్టి మెత్తి, నిప్పులలో కాల్చి, వేడి చల్లారాక పిండడం. గ్యాసు పొయ్యి ఉన్న ఇంట ఇది కుదరదు. కడిగిన ముదురాకులను ఇడ్లీ పాత్రలో పది నిమిషాలు ఆవిరికి పెట్టి, వేడి తగ్గాక దంచి గుడ్డలో పిండండి. పెద్దలకు రెండు చెంచాల రసం, ఒక చెంచా తేనెతో, ఉదయం సాయంత్రం. ఐదు రోజులు, మించితే వారం. ఎక్కువ తాగితే ఎక్కువ గుణం అనుకోకండి, వాంతి అవుతుంది. మధుమేహం ఉన్నవారు తేనె మానండి. పిల్లలకు వైద్యుడు చూసి మోతాదు చెప్పనిదే ఇవ్వవద్దు. ఏడాది లోపు శిశువుకు తేనె అసలే నాకించరాదు.

గర్భిణులు అడ్డసరం లోనికి తీసుకోకూడదు. గర్భం ఉందేమోనన్న సందేహం ఉన్నా వద్దు. పూర్వులు సుఖప్రసవానికి దీని వేరును పైపూతగా చెప్పారంటే గర్భాశయం మీద దీని పని వారికి తెలిసే చెప్పారు. జమ్మూలోని ప్రాంతీయ పరిశోధనాలయంవారు కూడా వాసిసిన్‌కు గర్భాశయాన్ని సంకోచింపజేసే గుణం ఉన్నదని చూపారు. "ఆకే కదా, ఏం చేస్తుంది" అని అత్తగారు ప్రేమతో ఇచ్చిన రసమే ముప్పు తేవచ్చు. ఇంట్లో దడి ఉన్నప్పుడు ఇంట్లో అందరికీ ఈ సంగతి తెలిసి ఉండాలి.

ఇక నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. సుమారు ముప్పై ఏళ్ల క్రితం మా వీధిలోనే ఉండే ఒక గృహస్థుకు దగ్గు. నా దడి ఆకే కోసి ఇచ్చాను. కఫం తెగింది, కొంచెం సుఖంగా ఉందన్నాడు. మళ్లీ వచ్చింది, మళ్లీ ఇచ్చాను. అట్లా నలభై రోజులు. ఒకనాడు కఫంలో రక్తపు జీర చూపించాడు. అప్పుడు గాని ఆసుపత్రికి పంపలేదు. పరీక్షలో క్షయ అని తేలింది. ఆ ఇంటి చిన్నపిల్లకు కూడా సోకినట్టు తరువాత తెలిసింది. నెలల తరబడి మాత్రలు వాడి ఇద్దరూ కోలుకున్నారు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. శాస్త్రంలో క్షయకు వాసా చెప్పబడి ఉన్న మాట నిజమే. అది కఫానికి ఉపశమనం, క్రిమిని చంపే నేటి మాత్రలకు ప్రత్యామ్నాయం కాదు. కనుక రెండు వారాలు దాటిన దగ్గు ఏదైనా సరే, సాయంత్రపు జ్వరం, బరువు తగ్గడం, కఫంలో రక్తం కనిపించినా సరే, ముందు కఫ పరీక్ష చేయించుకోండి. ప్రభుత్వ ఆసుపత్రులలో ఆ పరీక్ష, మందులు కూడా ఉచితం. ఆకు ఎక్కడికీ పోదు, మీ దడిలోనే ఉంటుంది.

మందుకు ఆకు కోసేటప్పుడు పూత రాకముందు ముదురాకులు శ్రేష్ఠం. ఒక మొక్క నుంచి మూడో వంతుకు మించి కోయరాదు. మురుగు కాలువ పక్కన, పురుగుమందు చల్లిన తోట పక్కన ఉన్న దడి ఆకు కంచెకే పరిమితం చేయండి. కోసిన ఆకును నీడన ఆరబెట్టి డబ్బాలో దాచితే ఏడాది నిలుస్తుంది. అందులో పది గ్రాములు రెండు గ్లాసుల నీటిలో అరగ్లాసు మిగిలేవరకు కాచి, రెండు పూటలుగా తాగవచ్చు.

అపార్టుమెంటులలో ఉన్నవారు పద్నాలుగు అంగుళాల కుండీలో ఒక్క మొక్క పెట్టుకోండి. అడుగున పెంకులు వేసి, వారానికొకసారి కుండీని తిప్పుతూ, ఉదయపు ఎండ తగిలే వైపు ఉంచండి. రెండేళ్లకొకసారి వానాకాలంలో మట్టి మార్చి, బయటి వేళ్లను కొంత కోసి, కొమ్మలను సగానికి తగ్గించాలి. ఆ కోసిన కొమ్మలనే ముక్కలు చేసి, కింద ఏటవాలుగా, పైన అడ్డంగా కోసి, పక్కింటివారికి ఇవ్వవచ్చు.